కోసే ముందు తూచండి: అల్యూమినియం క్రూయిజర్‌ని లోతు తక్కువ నదికి సిద్ధం చేయడం

నమస్కారమండీ. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడతాను.

ఇవాళ మాట్లాడేది ఒక్క రకం పడవ గురించి. ఏడెనిమిది మీటర్ల అల్యూమినియం క్యాబిన్ క్రూయిజర్. సముద్రం కోసమో, పెద్ద రిజర్వాయర్ కోసమో కట్టింది. అడుగు ‘వి’ ఆకారంలో ఉంటుంది. వెనక స్టెర్న్‌డ్రైవో (ఇంజన్ లోపల, ప్రొపెల్లర్ ఉన్న కాలు బయట), అవుట్‌బోర్డ్ మోటారో (ఇంజన్ అంతా బయటే) వేలాడుతూ ఉంటుంది. అలాంటి దాన్ని నడుం లోతు, ఒక్కోచోట మోకాటి లోతు ఉండే నదిలో తిప్పాలి. కోరిక బాగానే ఉంది, తప్పేం లేదు. కానీ ఈ కోరికతో వచ్చేవాళ్ళలో చాలామంది కూర్చోకముందే అడిగేది ఒకటే: ‘సార్, అడుగు కోసేసి చదును చేసేద్దామా?’

నేను చెప్పే జవాబు కూడా ఒకటే. ఇవాళ అటు తిప్పీ ఇటు తిప్పీ అదే చెబుతాను, విసుక్కోకండి. కోసే ముందు తూచండి. ఎందుకంటే నదిలో మీ పడవని ఆపేది చాలాసార్లు అడుగు ఆకారం కాదు. మొదటి దొంగ అడుగు కింద వేలాడే సామాను. రెండో దొంగ బరువు. ఆకారం మూడోది. మనం మాత్రం కటింగ్ మిషన్ పట్టుకుని నేరుగా మూడో దొంగ దగ్గరికే పరిగెడతాం.

ఒక లెక్క చూద్దాం. పడవ పొడవు 8 మీటర్లు, వెడల్పు 2.5 మీటర్లు, అన్నీ కలిపి బరువు 3,000 కిలోలు అనుకోండి. అడుగు ‘వి’ వాలు 18 డిగ్రీలు. ఇలాంటి పడవలో హల్, అంటే పడవ ఒళ్ళు, నీళ్ళలో మునిగేది సుమారు 40 సెంటీమీటర్లు. మరి దాని స్టెర్న్‌డ్రైవ్ కాలు కిందికి దించితే చివర రెక్క ఎక్కడుంటుంది? 85, 90 సెంటీమీటర్ల దగ్గర. అంటే ఇసుకకి ముందు తగిలేది ఏది? హల్ కాదు కదా! హల్‌ని మీరు అద్దంలా చదును చేసినా ఆ కాలు అక్కడే ఉంటుంది. హల్ కింద ఇంకో అరమీటరు నీళ్ళున్నా ప్రొపెల్లర్ ఇసుక తోడుతూనే ఉంటుంది.

సరే, ఇప్పుడు తూచడం సంగతి. మీలో ఎంతమందికి మీ పడవ బరువు తెలుసు? చేతులెత్తండి. బ్రోచర్‌లో రాసింది కాదండీ. ఇవాళ, మీ సామానుతో, మీ ట్యాంకులతో ఉన్న బరువు. చూశారా, ఎన్ని చేతులు లేచాయో! బ్రోచర్‌లో ఉండేది ఖాళీ పడవ బరువు. దాని మీద మీరు వేసిన రెండో బ్యాటరీ, జనరేటర్, పైకప్పు, మంచాలు, ఎప్పుడో అవసరమొస్తుందని పెట్టి మర్చిపోయిన ఇనుప లంగరు గొలుసు, ఇవేవీ అందులో ఉండవు.

ట్రెయిలర్ మీద వేబ్రిడ్జికి తీసుకెళ్ళండి. తూచండి. తర్వాత ఖాళీ ట్రెయిలర్‌ని తూచి తీసేయండి. అంతే, అందులో కష్టమేముంది? బరువు తెలిశాక ఇంకో అంకె కావాలి. ఎన్ని కిలోలు ఎక్కిస్తే పడవ ఒక సెంటీమీటరు దిగుతుంది? దీన్ని కాగితం మీద లెక్కేయొచ్చు. పడవ నీటి మట్టం దగ్గర ఎంత వైశాల్యం ఆక్రమిస్తుందో చదరపు మీటర్లలో తీసుకుని పదితో గుణిస్తే మంచినీళ్ళలో సెంటీమీటరుకి ఇన్ని కిలోలని వస్తుంది. మన పడవకి ఆ వైశాల్యం సుమారు 16 చదరపు మీటర్లు. అంటే సెంటీమీటరుకి 160 కిలోలు.

లెక్కలంటే ఇష్టం లేనివాళ్ళకి ఇంకో దారి ఉంది, నాకు అదే ఎక్కువ నమ్మకం. గాలి లేని ఉదయం, నిలకడ నీళ్ళలో పడవని వదులుగా కట్టండి. నాలుగు మూలల దగ్గరా పై అంచు మీద టేపు ముక్క అంటించండి. ఆ టేపు నుంచి నీటి దాకా నాలుగు చోట్లా కొలిచి రాసుకోండి. నీళ్ళు కాస్త ఊగుతూనే ఉంటాయి కాబట్టి ఒక్కోచోట పైకీ కిందికీ రెండూ చూసి మధ్యది తీసుకోండి. ఇప్పుడు బరువు తెలిసిన ఐదారుగురిని పిలిచి పడవ మధ్యలో నిలబెట్టండి. కదలొద్దని చెప్పండి, సెల్ఫీలు తర్వాత తీసుకోవచ్చు. మళ్ళీ కొలవండి. ఎంత దిగింది? వాళ్ళ బరువుని ఆ సెంటీమీటర్లతో భాగించండి. మీ పడవ అసలు అంకె అది. దాన్ని క్యాబిన్ లోపల తలుపు మీద రాసి పెట్టుకోండి.

సముద్రం నుంచి నదికి తెస్తున్నవాళ్ళు ఇంకో చిన్న సంగతి గుర్తుంచుకోవాలి. ఉప్పునీళ్ళు మంచినీళ్ళ కన్నా రెండున్నర శాతం బరువు. నదిలోకి రాగానే మన 3,000 కిలోల పడవ 75 కిలోలు ఎక్కించినట్టుగా దిగుతుంది. అర సెంటీమీటరు. పెద్ద లెక్కేం కాదు, కానీ ఉచితంగా పోయే అర సెంటీమీటరు.

ఇప్పుడు చెప్పండి, 160 అనే అంకె శుభవార్తా, దుర్వార్తా? రెండూనూ. 320 కిలోలు దించితే కలిసొచ్చేది రెండే సెంటీమీటర్లు. ఇంతేనా అంటారు. నేను దీన్ని తిరగేసి చూడమంటాను. హల్ పని చేయించుకుని ఒళ్ళు హూనం చేసుకుని సంపాదించే సెంటీమీటర్లు కూడా ఇలాగే చేతి వేళ్ళ మీద లెక్కపెట్టేలా ఉంటాయి. అందుకే సామాను దించి సంపాదించిన రెండు సెంటీమీటర్లని చిన్నచూపు చూడకండి.

దానికన్నా పెద్ద దోపిడీ వేరే ఉంది. చాలా క్రూయిజర్లు నిలకడ నీళ్ళలో అమరం (వెనక కొస) వైపు కుంగి, అణియం (ముందు కొస) పైకెత్తి కూర్చుంటాయి. ఇంజన్ వెనకే, బ్యాటరీలు వెనకే, ఇంధనం వెనకే, మనం నిలబడేదీ వెనకే. 8 మీటర్ల పడవ ఒక్క డిగ్రీ వెనక్కి ఒరిగితే అమరం దగ్గర ఎంత దిగుతుందో తెలుసా? సుమారు 7 సెంటీమీటర్లు. ఏడు! బరువు దించి అమరాన్ని ఏడు సెంటీమీటర్లు లేపాలంటే 1,100 కిలోలు తీసేయాలి. అదే బ్యాటరీలు, మంచినీళ్ళ ట్యాంకు, లంగరు సామాను కలిపి ఓ రెండొందల కిలోలని నాలుగైదు మీటర్లు ముందుకి జరిపితే మన పడవలో ఆ డిగ్రీ దాదాపు సరిపోతుంది. వెల్డింగ్ లేదు, కోత లేదు. కాస్త కేబులు, కాస్త పైపు, ఒక ఆదివారం.

కేబుల్ అంటే గుర్తొచ్చింది. బ్యాటరీని ముందుకి జరిపితే స్టార్టర్ దాకా వెళ్ళే కేబుల్ పొడవు పెరుగుతుంది. దాని మందం కూడా పెంచాలి. లేకపోతే చలికాలం పొద్దున్నే స్టార్టర్ మూలుగుతుంది, మీరు నా పేరు చెప్పి తిట్టుకుంటారు.

సరే, మొదటి దొంగ దగ్గరికి వద్దాం. వేలాడే కాలు.

అవుట్‌బోర్డ్ ఉన్నవాళ్ళు అదృష్టవంతులు. జాక్ ప్లేట్ అని ఉంటుంది. ట్రాన్సమ్‌కీ (పడవ వెనక గోడ) ఇంజన్‌కీ మధ్య బిగిస్తే ఇంజన్‌ని వంచకుండా నిలువుగా పైకి లేపుతుంది. వంచడం వేరు, లేపడం వేరు. వంచితే ప్రొపెల్లర్ నీళ్ళని పైకీ వెనక్కీ ఏటవాలుగా నెడుతుంది, అమరం ఇంకా కుంగుతుంది. లేపితే ప్రొపెల్లర్ నిటారుగానే ఉండి పైకొస్తుంది. ఇంకో లాభం, ఇంజన్ ట్రాన్సమ్‌కి కాస్త దూరం జరుగుతుంది. పడవ వేగంగా వెళ్ళేటప్పుడు ట్రాన్సమ్ వెనక నీళ్ళు మెల్లగా పైకి లేస్తాయి కదా, ఆ లేచిన నీళ్ళలో ప్రొపెల్లర్ ఉంటుంది. పాత వాడుక లెక్క ఏమంటే, ఇంజన్ వెనక్కి జరిగిన ప్రతి 8 నుంచి 12 అంగుళాలకీ ఒక అంగుళం పైకి లేపుకోవచ్చు. కానీ ఇంజన్‌కి చల్లటి నీళ్ళు పీల్చే రంధ్రాలు కూడా దాంతోపాటే పైకొస్తాయి, జాగ్రత్త. కూలింగ్ నీళ్ళ ప్రెజర్ గేజ్ లేకుండా జాక్ ప్లేట్ బిగించకండి. టెంపరేచర్ ముల్లు కదిలే సరికి ఆలస్యమైపోతుంది. ప్రెజర్ ముల్లు ముందే పడిపోతుంది, అది చూసి గ్యాస్ తగ్గించాలి.

స్టెర్న్‌డ్రైవ్ ఉన్నవాళ్ళకి నా సలహా వినడానికి చేదుగా ఉంటుంది. నిజంగా నదిలోనే తిరగాలనుకుంటే దాన్ని తీసేసి, ట్రాన్సమ్‌లోని ఆ పెద్ద రంధ్రం మూసి, అవుట్‌బోర్డ్‌కి మారండి. లోపలి ఇంజన్ గది ఖాళీ అవుతుంది, బరువు తగ్గుతుంది. కాలుని నీళ్ళలోంచి పూర్తిగా బయటికి ఎత్తుకోవచ్చు. ఇసుక మేట ఎక్కి ఆగిపోయినప్పుడు ఆ ఒక్క వెసులుబాటు ఎంత విలువైనదో అప్పుడు తెలుస్తుంది.

పాడ్ల గురించి

ఇక హల్ మీద చేసే పనుల్లో నాకు అన్నిటికన్నా నచ్చింది చెబుతాను. కోయడం కాదు, కలపడం. ట్రాన్సమ్ వెనక, ఇంజన్‌కి ఇటూ అటూ రెండు గాలి పెట్టెలు. పాడ్లు అంటాం. ఒక్కోటి 90 సెంటీమీటర్ల పొడవు, 70 వెడల్పు, నీళ్ళలో 30 మునుగుతుందనుకుందాం. ఒక్కోదానికి 190 లీటర్ల చొప్పున రెండూ కలిపి 380 కిలోల పైకెత్తు. వాటి సొంత బరువు పోగా మూడొందల కిలోల దాకా మిగులుతుంది. ఎక్కడ? సరిగ్గా బరువంతా ఉన్న అమరం దగ్గర! ఖాళీ బిందెను నీళ్ళలోకి నొక్కితే చేతిని ఎలా పైకి తోస్తుందో, ఆ తోపు మీ ఇంజన్ కింద పనిచేస్తుంది. పడవని బట్టి అమరం ఐదు నుంచి పది సెంటీమీటర్లు లేస్తుంది. వెనక దిగడానికి, ఎక్కడానికి ఓ అరుగు కూడా అమరుతుంది.

వీటిలో చూసుకోవాల్సినవి ఉన్నాయి. పాడ్ అడుగు హల్ అడుగుతో సమానంగా కలిసిపోకూడదు. రెండు మూడు సెంటీమీటర్లు పైకి మెట్టులా ఉండాలి. లేకపోతే వేగంలో వెనక పొడుగాటి అడుగు నీళ్ళ మీద ఒత్తి అణియాన్ని కిందికి నొక్కుతుంది, పడవ ముక్కుతో నీళ్ళు దున్నుతుంది. రెండోది, పాడ్‌ని ట్రాన్సమ్ రేకుకే అతికించి వదిలేయకండి. ఆ తోపు ఎక్కడికి వెళ్ళాలి? లోపల పొడవునా వెళ్ళే అడుగు దూలాలకి. పాడ్ గోడలు ఆ దూలాల వరసలోకే రావాలి, లేదంటే లోపల బ్రాకెట్లు వేసి కలపాలి. లేకపోతే ఒకటి రెండు సీజన్లలో వెల్డింగ్ అంచున వెంట్రుక లాంటి పగులు కనిపిస్తుంది.

మూసిన పెట్టెని పరీక్షించాలి కదా. గాలి నింపి సబ్బు నీళ్ళు రాస్తాం. ఇక్కడ మెకానిక్కులు కంప్రెసర్ తెచ్చి టైరుకి కొట్టినట్టు కొట్టేస్తారు. వద్దు! 0.1 బార్ చాలు. 90 బై 70 పలక మీద ఆ కాస్త గాలే 600 కిలోల పైచిలుకు బలంతో తోస్తుంది. అంతకు మించితే ఆ చదును పలకలు పూరీలా... సరే, ఉబ్బుతాయి, మళ్ళీ సరికావు. గేజ్ పెట్టి, మెల్లగా, చేతి పంపుతో కొట్టండి. ప్రతి పాడ్‌కీ నీళ్ళు వదిలే బిరడా తప్పనిసరి. మూసేశాం కదా నీళ్ళెలా వస్తాయంటారు. వస్తాయండీ. తేమే చాలు.

టన్నెల్, జెట్

ఇప్పుడు టన్నెల్. ప్రొపెల్లర్ కోసం అడుగులో వెనక వైపు ఒక సొరంగంలాంటి గాడి చేస్తారు, ప్రొపెల్లర్ సగం అందులోకి పైకి వెళ్ళిపోతుంది. నదుల్లో తిరిగే మరపడవలకి ఇది పందొమ్మిదో శతాబ్దం నుంచీ ఉన్న ఉపాయం, కొత్తదేం కాదు. పడవ కదులుతున్నప్పుడు గాడి నిండా నీళ్ళు నిండి, బయటి నీటి మట్టం కన్నా ప్రొపెల్లర్ పై భాగం పైనున్నా సరే పనిచేస్తుంది. వినడానికి ఇంద్రజాలంలా ఉంటుంది.

దాని ఖరీదు చూద్దాం. రెండు మీటర్ల పొడవు, అర మీటరు వెడల్పు, అర్ధచంద్రంలా పావు మీటరు లోతు గాడి తీశారనుకోండి. వెనక అంతా అదే లోతు ఉంటే 200 లీటర్ల దాకా పోతుంది, ముందు వైపు సన్నబడుతుంది కాబట్టి ఓ 120, 130 లీటర్లు అనుకుందాం. అంటే పడవని తేల్చే 130 కిలోల బలాన్ని మీ చేతులతో కోసి పారేశారు. ఎక్కడ? ఇంజన్ బరువంతా ఉన్నచోట! అందుకే టన్నెల్ తీసిన పడవ కట్టెయ్యగానే అమరం ఇంకా కుంగి కనిపిస్తుంది. అందుకే నేను అంటాను, టన్నెల్ తీయాలంటే ముందు పాడ్లు వేయండి, తర్వాత టన్నెల్. పోయిన తేలికని ముందే సంపాదించి పెట్టుకోండి.

గాడి ముందు భాగం మెల్లగా పైకి ఎక్కాలి. పది పన్నెండు డిగ్రీలు దాటితే నీళ్ళు పైకప్పుని అంటిపెట్టుకోకుండా విడిపోతాయి, ప్రొపెల్లర్ నురుగులో తిరుగుతుంది. శబ్దం పెరుగుతుంది, తోపు తగ్గుతుంది. ఇంకోటి, రివర్స్. టన్నెల్ పడవలు వెనక్కి బాగా రావు. ట్రాన్సమ్ వైపు నుంచి గాలి పీలుస్తాయి. రేవులో ప్రవాహం ఉన్నప్పుడు వెనక్కి రాని పడవతో ఏం చేస్తారు? ముందే ఆలోచించుకోవాలి.

మరి జెట్? ఈ ప్రశ్న ఎవరో ఒకరు అడుగుతారని తెలుసు, అందుకే నేనే ఎత్తుతున్నాను. న్యూజిలాండ్‌లో బిల్ హామిల్టన్ అనే ఆయన 1950లలో సరిగ్గా ఈ సమస్యకే వాటర్ జెట్‌ని, అంటే నీళ్ళు లోపలికి పీల్చి వెనక్కి చిమ్మే పంపుని, తయారుచేశాడు. రాళ్ళు తేలిన, ఉరవడి ఉన్న, లోతు లేని నదులు అక్కడివి. 1960లో ఆ జెట్ పడవలు కొలరాడో నదిలో గ్రాండ్ కాన్యన్ గుండా ప్రవాహానికి ఎదురెక్కాయి. జెట్ సత్తా గురించి అనుమానం అక్కర్లేదు. కింద వేలాడేది ఏమీ ఉండదు.

కానీ అవి తేలికపాటి పడవలు, నీటి పైకి లేచి దూసుకుపోయేవి. మీది క్యాబిన్, మంచం, వంటగట్టు ఉన్న మూడు టన్నుల పడవ. అవుట్‌బోర్డ్ కాలుకి ప్రొపెల్లర్ తీసి జెట్ బిగిస్తే సుమారు 30 శాతం శక్తి పోతుంది. మెల్లగా వెళ్ళేటప్పుడు జెట్ ఇంకా అధ్వానం. అడుగున మోకాటి లోతులో నిలబడి గ్యాస్ ఇస్తే ఇసుక, గులకరాళ్ళు అన్నీ నోట్లోకి లాక్కుంటుంది. లోపలి ఇంపెల్లర్ (నీళ్ళని తోసే రెక్కల చక్రం) అంచులు అరిగిపోతాయి, తోపు రోజురోజుకీ తగ్గుతుంది. కొత్తగా తేలికగా కట్టుకునేవాళ్ళకి జెట్ మంచిది. పాత బరువు క్రూయిజర్‌కి, నన్నడిగితే, వద్దు.

ఇక మూడో దొంగ. అడుగు చదును చేయడం. లెక్క చూస్తే చాలు, నేను వాదించక్కర్లేదు. 18 డిగ్రీల ‘వి’ని 10 డిగ్రీలకి తగ్గించారనుకోండి. 2.3 మీటర్ల అడుగు వెడల్పులో ‘వి’ లోతు 37 సెంటీమీటర్ల నుంచి 20కి వస్తుంది. ఆహా, 17 కలిసొచ్చాయి! ఆగండి. కోసి పారేసిన ఆ ‘వి’ ఊరికే లేదు, పడవని తేలుస్తూ ఉంది. అందులో సుమారు 1,100 లీటర్లు పోయాయి. సెంటీమీటరుకి 160 చొప్పున పడవ దాదాపు 7 సెంటీమీటర్లు దిగుతుంది. మిగిలింది ఎంత? పది. ఆ పది కోసం మొత్తం అడుగు, దూలాలు, అడ్డ పక్కటెముకలు అన్నీ కొత్తవి కట్టాలి. అల పడితే తల అదిరేలా అడుగు చరుస్తుంది. క్యాబిన్‌కి గాలి తగిలితే పక్కకి జారిపోతుంది. పడవ పక్కలకి ఒరిగే తీరు మారుతుంది, తయారీదారు బిగించిన పలక మీద ఎంతమంది ఎక్కొచ్చని ఉందో అది ఇక చెల్లదు, మళ్ళీ సర్వే చేయించాలి. ఇంత చేసేబదులు ఆ పడవ అమ్మి నదికి తగ్గ పడవ కొనుక్కోండి. నేను నిజంగానే చెబుతున్నాను.

వెల్డింగ్ దగ్గర

ఏ పని చేసినా అల్యూమినియం మీద చేస్తున్నామని మర్చిపోకూడదు. హల్ రేకు సాధారణంగా 5000 సిరీస్ అల్యూమినియం మిశ్రలోహం, 5083, 5086, 5052 లాంటివి. లోపలి దూలాలు, గొట్టాలు చాలావరకు 6061. ఈ 6061కి బలమంతా వేడి చేసి గట్టిపరచడంలో ఉంది. వెల్డింగ్ తగిలిన చోట ఆ బలం సగానికో, అంతకన్నా కిందికో పడిపోతుంది. కాబట్టి 6061 దూలాన్ని మధ్యలో కోసి అతకకండి, బలం ఎక్కువ పడే చోట అస్సలు వద్దు. 5083 కూడా కొంత మెత్తబడుతుంది, కానీ అంతగా కాదు.

ఉక్కు వెల్డింగ్ చేసే చేతికి ఇది వెంటనే అలవాటు కాదు. ఉక్కు ఎర్రబడి చెబుతుంది. అల్యూమినియం రంగు మారదు, చూస్తుండగానే జారిపోతుంది. దాని కరిగే వేడి 660 డిగ్రీల దగ్గర. దాని మీదుండే ఆక్సైడ్ పొర కరగాలంటే 2,000 దాటాలి. అందుకే ముందు నూనె జిడ్డు తుడవాలి, తర్వాత స్టెయిన్‌లెస్ బ్రష్‌తో గీకాలి. వరస ముఖ్యం. ముందు గీకితే జిడ్డుని లోపలికి రుద్దినట్టవుతుంది. ఆ బ్రష్ ఉక్కు మీద ఎప్పుడూ వాడకూడదు. తేమ ఉంటే వెల్డింగ్ లోపల సూది రంధ్రాలు పడతాయి, పైకి చూస్తే నున్నగానే ఉంటుంది.

ఇప్పుడు చెప్పేది దయచేసి అందరూ వినండి. చాలా క్రూయిజర్లలో నేల కింద ఫోమ్ నింపి ఉంటుంది, మునిగిపోకుండా. పాలీయూరిథేన్ ఫోమ్. బయట నుంచి వెల్డింగ్ చేస్తుంటే ఆ రేకు వెనక ఫోమ్ మండుతుంది. వచ్చే పొగలో సయనైడ్ విషవాయువు ఉంటుంది. ఫోమ్‌ని అతుకు దగ్గర నుంచి బాగా దూరం దాకా తీసేసి, కనిపించే దాకా తీసేసి, తర్వాతే టార్చ్ ముట్టుకోండి. ఇంధనం ట్యాంకు బయటికి. బ్యాటరీ తీగలు విప్పాలి, ఇంజన్ కంప్యూటర్, సౌండర్ (లోతు చూపే పరికరం) విప్పాలి. వెల్డింగ్ ఎర్త్‌ని పని చేసే చోటికి పక్కనే బిగించాలి. తొందరలో ఏదైనా వదిలేద్దాం అనిపిస్తే ఇవి తప్ప ఇంకేదైనా వదిలేయండి.

అడుగు బలపరచాలంటే పాత రేకు మీద ఇంకో రేకు అతికించడం అందరికీ తట్టే ఉపాయం. నాకు ఇష్టం లేదు. 4 మిల్లీమీటర్ల ప్లేటు చదరపు మీటరుకి 11 కిలోల దగ్గర ఉంటుంది. పది చదరపు మీటర్లు వేస్తే 110 కిలోలు, ముప్పావు సెంటీమీటరు డ్రాఫ్ట్ (పడవ మునిగే లోతు) అక్కడే పోయింది. అంతకన్నా పెద్ద బాధ, రెండు రేకుల మధ్య తేమ చేరుతుంది. అలాంటి పాత అతుకు ఒకటి విప్పి చూడండి. పైన రంగు మెరుస్తూ ఉంటుంది, లోపల తెల్లటి ముద్ద, తడిసిన సుద్దలాగా, వేలు పెడితే వస్తుంది. దాని వెనక రేకు మొటిమలు పడినట్టు గుంటలు గుంటలు. గాలి ఆడని తేమలో అల్యూమినియం తన రక్షణ పొరని తిరిగి కట్టుకోలేదు. కాబట్టి బలహీనమైన చోట కోసి, మందమైన ముక్కని వరసలో పొదగండి. మూలలు గుండ్రంగా ఉండాలి, సూటి మూల నుంచే పగులు మొదలవుతుంది.

ఇసుక రాపిడికి ప్లాస్టిక్ పలకలు వాడొచ్చు, యూహెచ్‌ఎండబ్ల్యూ పాలీఇథిలీన్ అంటారు. తేలిక, నీళ్ళ మీద తేలుతుంది కూడా. ఇసుక మీద సర్రున జారుతుంది. జిగురుతో అతుకుతుందేమో అనుకోకండి, అతకదు. బోల్టులే దారి. అక్కడే చాలామంది దెబ్బతింటారు. ఈ ప్లాస్టిక్ వేడికి అల్యూమినియం కన్నా ఏడెనిమిది రెట్లు సాగుతుంది. మూడు మీటర్ల పలక 30 డిగ్రీల తేడాకి ఒకటిన్నర సెంటీమీటరు పెరుగుతుంది. గుండ్రటి రంధ్రాల్లో బిగిస్తే ఎండలో ఒడ్డున పెట్టగానే అలలు అలలుగా ఉబ్బి బోల్టులు లాగేస్తుంది. కాబట్టి మధ్య బోల్టుకి మాత్రం గుండ్రటి రంధ్రం, మిగతావాటికి పొడవాటివి. పలకలు కూడా పొడవుగా కాక చిన్న ముక్కలుగా వేస్తే మేలు. స్టెయిన్‌లెస్ బోల్టు అల్యూమినియంని నేరుగా తాకకుండా నైలాన్ వాషరు, బుష్ వేయండి.

దీనికన్నా నాకు నచ్చేది, అడుగున పొడవునా వెల్డ్ చేసిన రెండు మూడు స్కిడ్‌లు, బరువైన పట్టీలు, ఐదారు సెంటీమీటర్ల ఎత్తున. ఆ ఎత్తు మీ డ్రాఫ్ట్‌కి కలుస్తుంది, నిజమే. కానీ తగిలేది అవి, రేకు కాదు. పడవ ఇసుక మీద నిటారుగా కూర్చుంటుంది, గాలికి పక్కకి జారడం తగ్గుతుంది. అరిగితే పట్టీ మారుస్తాం, అడుగు మార్చం.

లోపలి ఇంజన్ ఉంచుకునేవాళ్ళకి ఒక్క మాట. నది నీళ్ళని నేరుగా పీల్చి చల్లబడే ఇంజన్‌కి ఇసుక విషం. రబ్బరు ఇంపెల్లర్ అరిగిపోతుంది, జల్లెడ పూడుకుపోతుంది. అల్యూమినియం హల్‌కి ఒక వరం ఉంది. హల్ రేకు లోపల వైపు ఒక పలుచటి పెట్టె వెల్డ్ చేసి, ఇంజన్ కూలెంట్‌ని అందులో తిప్పితే, ఆ రేకే రేడియేటర్ అవుతుంది. బయటి నీళ్ళు లోపలికి రానే రావు. ఫైబర్ పడవకి ఈ సౌకర్యం లేదు.

రంగు సంగతి. రాగి కలిసిన యాంటీఫౌలింగ్ (అడుగున నాచు పట్టకుండా వేసే) పెయింట్ అల్యూమినియంకి పూయకండి, రేకుని తినేస్తుంది. ఆనోడ్లు, అంటే హల్‌కి బదులు తాము తరిగిపోయే లోహపు ముక్కలు, చూసుకోండి. సముద్రంలో పనిచేసిన జింక్ ముక్క మంచినీళ్ళలో పైన పొర కట్టి నిద్రపోతుంది. పూర్తిగా మంచినీళ్ళే అయితే మెగ్నీషియం. అదే మెగ్నీషియంతో ఉప్పునీళ్ళలోకి వెళ్ళారో, అది అతిగా పనిచేసి అల్యూమినియంనే చెడగొడుతుంది. అటూ ఇటూ తిరిగేవాళ్ళు అల్యూమినియం ఆనోడ్లు వేసుకోండి.

ప్రశ్నలు ఉన్నాయా? ఆ అన్నగారు అడుగుతున్నారు, ‘వేగంగా వెళ్తే పడవ పైకి లేస్తుంది కదా, లోతు లేనిచోట గ్యాస్ కొట్టి దాటేస్తే పోలా?’ అని. తేలిక పడవకి నిజం. మన బరువు క్రూయిజర్‌కి మాత్రం మధ్యలో ఒక గండం ఉంది. లోతు తక్కువైతే అల వేగానికి ఒక హద్దు ఉంటుంది. ఒక మీటరు లోతులో గంటకి 11 కిలోమీటర్ల పైన, 60 సెంటీమీటర్ల లోతులో 9కి కాస్త లోపు. ఆ వేగం దగ్గరికి రాగానే అమరం కుంగుతుంది, వెనక అల నిలువుగా లేస్తుంది, ఎంత గ్యాస్ ఇచ్చినా పడవ కదలనంటుంది. అంటే మీకు లోతు అవసరమైన చోటే పడవ ఇంకా దిగుతుంది. కాబట్టి మెల్లగా, ఆ వేగానికి బాగా తక్కువగా వెళ్ళండి. ఒడ్డు కూడా కోసుకుపోదు.

ఇంకొకరు, లోతు చూపే సౌండర్ ఉంటే సరిపోదా అంటున్నారు. అది ఎక్కడ బిగించారు? ట్రాన్సమ్ మీదే కదా! అది చెప్పేది మీరు దాటొచ్చిన చోటి లోతు. అణియం దగ్గర గడతో ఒక మనిషిని నిలబెట్టండి. కొత్త చోట మొదటిసారి ప్రవాహానికి ఎదురుగా వెళ్ళండి. ఇసుక తగిలితే ప్రవాహమే మిమ్మల్ని వెనక్కి విడిపిస్తుంది. ప్రవాహంతోపాటు వెళ్తూ తగిలారో, అది ఇంకా పైకి నెడుతుంది.

పని అయ్యాక ఏం చేయాలి అని చివరి ప్రశ్న. మళ్ళీ నీళ్ళలో దింపండి, ఇంజన్ స్టార్ట్ చేయకండి. ఆ నాలుగు టేపుల దగ్గరా మళ్ళీ కొలవండి. లోపల ప్రతి కొత్త అతుకు దగ్గరా పొడి గుడ్డతో తుడిచి ఒక గంట ఆగండి, గుడ్డ మళ్ళీ పెట్టి చూడండి. మనుషుల్ని ఒక పక్కకి నిలబెట్టి ఎంత ఒరుగుతుందో చూడండి, పాత అంకెతో పోల్చండి. అమరం ఇంకా కుంగే ఉంటే ముందు బ్యాటరీలు జరపండి, అప్పటికీ చాలకపోతేనే మళ్ళీ వెల్డర్‌ని పిలవండి.